పల్నాటి బాటలో సైకిలు యాత్ర
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "యువజనులు – విహారయాత్రలు". బస్సు మాట్లాడుకొని నాగార్జునసాగరు వెళ్ళి, డ్యాము చూచి, పులిహోర పొట్లాలు విప్పి, చీకటి పడేవేళకు తిరిగి వచ్చే యాత్ర మీకందరకు తెలిసినదే. దాన్ని గురించి చెప్పడానికి నేను అక్కరలేదు. 13 మొదలు 17 ఏండ్ల పిల్లలు పది పదిహేనుమంది, ఇద్దరు ముగ్గురు పెద్దల తోడుతో, సైకిళ్ళపై మూడు నాలుగు దినములు చేసే యాత్రను గురించి మాట్లాడదలచాను. కొన్ని పర్యాయములు అట్టి జట్లకు తోడుగా వెళ్ళినవాడిని గనుక ధైర్యముగా చెప్పుచున్నాను.

ఈ మాట ఎత్తగానే తల్లులు ఎండ అంటారు, తండ్రులు లారీలు అంటారు. రెండూ నిజమైన అభ్యంతరములే. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. వేసవి సెలవులలో పల్నాట సైకిలు యాత్ర తలపెట్టువానిని నేను సమర్థించను. మనకు అనువైనది క్రిస్మసు పండుగ దాటిన తరువాత, సంక్రాంతి సెలవులు ముగిసేలోపు కాలము. బాగా వెలుగు వచ్చి మంచు విడిన తరువాత బయలుదేరి, పదిన్నరకల్లా ఆ పూట ప్రయాణము ముగించవలెను. మిగిలినది చల్లపడిన తరువాత, చీకటి పడకముందే. రోజుకు 30 కిలోమీటర్లు చాలు. అంతకు మించి తొక్కించడము పిల్లల కొరకు గాక పెద్దలు గొప్పలు చెప్పుకొనుటకే.

లారీల మాట. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారములు ఉన్నంతకాలము మన రోడ్లపై లారీలు ఉంటాయి. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి వెడల్పయిన తరువాత వాటి వేగము కూడా పెరిగినది. కాబట్టి పిల్లల జట్టు ఆ దారిని పోరాదు. ఊరినుంచి ఊరికి పోయే చిన్న రోడ్లు పల్నాట కావలసినన్ని ఉన్నవి. అవి చుట్టయినా అవే మేలు. పెద్ద రోడ్డు దాటవలసి వచ్చినచోట అందరూ దిగి, సైకిలు నడిపించుకొని, ఒక పెద్ద చెప్పినప్పుడే దాటవలెను. తలకు హెల్మెటు, వెనుక మడ్‌గార్డుకు వెలుగు పడితే మెరిసే ఎర్రబిళ్ళ తప్పనిసరి. సాగరు కాలువలలో స్నానమునకు దిగనిచ్చుట లేదు. సిమెంటు గట్టు జారుడు, నీటి వడి పైకి కనబడదు. ఈ విషయములో నేను ఎవరి బ్రతిమాలుట వినలేదు.

ఇక మీరు నాకు జవాబు చెప్పవలసినది ఒకటున్నది. సైకిలుపై పంపుటకు భయపడే ఇండ్లలోనే పదిహేనేండ్ల వానికి మోటారుసైకిలు తాళము ఇవ్వడము నేను చూస్తున్నాను. "పక్క వీధికేగదా" అంటారు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేస్తే తండ్రికి, లేక బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలు కూడా ఉన్నవి. చట్టము అటుంచండి. ఆ వయస్సులో పిల్లవానికి కావలసినది ఇల్లు విడిచి కొంత దూరము తనంతట తాను పోవడము. ఆ ఆశ సహజమైనది, దానిని అణచలేము. పెద్దల కనుసన్నలలో సైకిలుపై తీర్చుదుమా, లేక మనకు తెలియకుండా ముగ్గురెక్కిన మోటారుసైకిలుపై తీరనిత్తుమా అన్నదే ప్రశ్న.

జట్టు నడిచే విధానము కొంచెము చెప్పవలెను. అందరికంటె మెల్లగా తొక్కేవానిని ముందు పెట్టవలెను. ఇది అందరికీ తలక్రిందులుగా తోచును. గేర్ల సైకిలు ఉన్న కుర్రవాడు మొదటి దినము దీనిమీద మూతి ముడుచుకొంటాడు. కాని వేగముగలవాడు ముందు పోతే జట్టు మైలు పొడవున సాగి, వెనుక చిక్కినవాడు తన దమ్ము చాలనందుకు సిగ్గుపడి, నీళ్ళకు కూడా ఆగకుండ తొక్కి మూడవ దినము జ్వరపడతాడు. నెమ్మదిగలవాడు ముందుంటే జట్టంతా అతని వేగముతో పోవును, ఎవరూ అలసిపోరు. చివర ఒక పెద్ద – పంపు, రెండు ట్యూబులు, అతుకులు, సొల్యూషను, స్పానర్లు, మందుల పెట్టె అతని దగ్గర. మిగిలినవారు ఇద్దరిద్దరు జత. ఒకరు ఆగితే జతగాడు ఆగవలసినదే. రోడ్డుమీద మాత్రము ఒకరి వెనుక ఒకరు. శిష్యులను ఇద్దరిద్దరిగా పంపిన సంగతి ఈ సభకు గుర్తు చేయనక్కరలేదు.

బయలుదేరడానికి ముందే ప్రతి పిల్లవాడు చక్రము విప్పి, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ చూచి, పంక్చరు వేసికొనుట నేర్వవలెను. బ్రేకులు, చైను, సీటు ఎత్తు చూడవలెను. ఆ తరువాత ఒక పరీక్షా ప్రయాణము. నరసరావుపేటవారికి కోటప్పకొండ సరియైన దూరము, పోను 12, 13 కిలోమీటర్లు. పోయి వచ్చిన తరువాత ఎవరి మోకాలు నొప్పి పెడుచున్నదో, ఎవరి సైకిలు అరుచుచున్నదో తెలిసిపోవును.

అసలు యాత్రకు నాకు నచ్చిన దారి కారెంపూడి, గురజాల, మాచెర్ల, ఎత్తిపోతల. బస్సులో పోయేవానికి ఇవి బోర్డులపై పేర్లు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున సైకిలు దిగిన పిల్లవాడు, 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధము జరిగినది ఈ నేలమీదనా అని అడుగుతాడు. నలగామరాజు గురజాలలో, మలిదేవాదులు మాచెర్లలో ఏలినారు. అన్నదమ్ముల ఆ రెండు పట్టణముల నడుమ దూరము సైకిలుమీద ఒక్క పూట తొక్కుడు. ఆ సంగతి కాళ్ళకు తెలిసిన తరువాత పిల్లలు, "ఇంత దగ్గరలో ఉండి కొట్టుకొన్నారా?" అంటారు. నేను వారికి పాఠమేమీ చెప్పను. మన ఊళ్ళలోని కక్షలు వారికి తెలియనివి గావు.

మాచెర్ల పక్కనుంచి పోయే చంద్రవంక వాగే ఎత్తిపోతలలో 70 అడుగుల ఎత్తునుంచి దుముకుతుంది. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రమున్నది గనుక స్నానము మాట ఎవరూ ఎత్తరు, నాకు ఆ శ్రమ తప్పినది.

నేను వెళ్ళిన ఒక యాత్రలో ఒకే ఊరివారైన ఇద్దరు పిల్లలున్నారు. వారి ఇండ్లకు చాలా ఏండ్లుగా మాటలు లేవు. ఆ సంగతి తెలిసి కూడా నేను వారిని జత చేయలేదు, విడదీయలేదు. రెండవ దినము ఒకని సైకిలు వెనుక చక్రము రెండు మార్లు గాలి పోయినది. పంక్చరు వేయుటలో అందరికంటె చేయి తిరిగినవాడు ఆ రెండవవాడు. వాడే కూర్చుండి టైరు లోపల వేలితో తడిమి గుచ్చుకొన్న తుమ్మముల్లు తీసినాడు. ఏమీ మాటలాడుకోలేదు. ఆ రాత్రి ఒకే పళ్ళెములో తిన్నారు. బ్రహ్మనాయుని చాపకూడు కథ మనము తరచుగా చెప్పుకొంటాము. వంటలో తలొక పని చేసి, కులము పేరెత్తకుండ ఒక్క చాపమీద కూర్చుండేది మాత్రము ఇట్టి చోటనే చూచాను. తిరిగివచ్చిన తరువాత వారి ఇండ్లు కలిసినవా అని అడుగవద్దు, కలియలేదు. పిల్లలిద్దరూ బడిలో మాటలాడుకొంటున్నారు.

ఆడపిల్లల సంగతి దాటవేయరాదు. మన రాష్ట్రములో "బడికొస్తా" పథకము క్రింద ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. అవి బడిదాకా పోయి ఆగిపోయినవి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలాది గ్రామస్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. మొదట నవ్వినవారే తరువాత అలవాటుపడ్డారు. ఇద్దరు స్త్రీలు తోడు వస్తే ఆడపిల్లల జట్టు ఎందుకు పోరాదో నాకు కారణము కనబడదు. ఉపాధ్యాయినులను ఇక్కడినుంచే అడుగుచున్నాను.

రాత్రి బస సంగతి చెప్పి ముగిస్తాను. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909లో పిల్లలను కాలినడకను తీసికొనిపోవుచు పెద్ద గాలివానలో చిక్కి, ఒక పల్లె బడిలో తలదాచుకొన్నాడు. సెలవులలో ఖాళీగా ఉండే బడులు పిల్లల యాత్రలకు బసలైతే బాగుండునని ఆయనకు తోచినది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి యువజన వసతిగృహము వెలసినది; నేడు అవి లోకమంతటా ఉన్నవి. మనకు కోట అక్కరలేదు. ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరి పల్నాటి ఊళ్ళు తిరిగిన కాలములో తొక్కుడు సైకిలు ఇంకా పుట్టలేదు, బసలూ లేవు. ఇప్పుడు మనకు పూటపూటకొక ఊళ్ళో గుడియో బడియో ఉన్నది. సెలవులలో తాళము వేసియుండును.

నేను గదులు, మంచములు అడుగుట లేదు. ఒక వసారా, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, ఆడపిల్లలకు గడియ పడే ఒక గది. మీ మీ ఊళ్ళలో ఇవి ఎక్కడున్నవో, తాళపుచెవి ఎవరి దగ్గరుండునో సభ ముగిసిన తరువాత ఈ బల్లమీది నోటుపుస్తకములో వ్రాసి వెళ్ళండి. నరసరావుపేట, గురజాల వారి పేజీలు విడివిడిగా గీచియుంచాను. కారెంపూడి వారు మొదట వ్రాయవలెను, జట్టు మొదటి రాత్రి అక్కడనే దిగవలసియున్నది.