గడప అవతలి ఆరోగ్యం



తెల్లవారి లేవగానే మనం చేసే మొదటి పని ఏమిటి? వాకిలి ఊడ్చుకోవడం. ఆ ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతుంది? చాలా ఇళ్ళలో ఎదురుగా ఉన్న మురుగు కాల్వలోకే! గడప లోపలిది మన పని, అవతలిది మునిసిపాలిటీవాళ్ళ పని అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒక చేదు అనుభవం నా కళ్ళు తెరిపించింది.

కొన్నేళ్ళ క్రితం, వానలు మొదలైన రోజుల్లో మా వీధి పిల్లలకు వరసగా కామెర్లు వచ్చాయి. మా చిన్నమ్మాయికీ వచ్చాయి. కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం చూస్తే వాంతి. పదో తరగతి చదువుతున్న పిల్ల నెలన్నర మంచం దిగలేదు. "ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. "కుళాయి నీళ్ళేనండీ, గుడ్డతో వడకట్టుకుంటాం" అన్నాను. "వడకడితే నలుసులు పోతాయి గాని క్రిములు పోవు. కాచి తాగండి. మీ వీధి కుళాయి సంగతేమిటో కూడా చూడండి" అన్నారాయన.

మునిసిపాలిటీకి అర్జీ పెట్టాం. జవాబు లేదు. మా ఎదురింటి పిన్నిగారు ఒక మాట అన్నారు: "నీళ్ళు బాగాలేవని రాస్తే ఎవరికేం తెలుస్తుందే? ఎవరింట్లో ఎవరికి జబ్బో, ఎప్పటినుంచో రాయి." ఇంటి నంబర్లతో సహా జాబితా రాశాం. ఎనిమిది మంది ఆడవాళ్ళం కలిసి కౌన్సిలరుగారి ఇంటికి వెళ్ళాం. కౌన్సిలరు స్త్రీయే. కాని మాతో మాట్లాడడానికి వచ్చి కూర్చున్నది ఆవిడ భర్త! "మేం ఓటు వేసింది అమ్మగారికండీ, ఆవిడనే పిలవండి" అన్నారు పిన్నిగారు. ఆవిడ వచ్చారు, జాబితా అంతా చదివారు, మర్నాడే ఇంజనీరుగారిని వెంటబెట్టుకుని మా వీధికి వచ్చారు.

చూస్తే, జబ్బు వచ్చిన ఇళ్ళన్నీ కాల్వ పక్కన ఒకే వరసలో ఉన్నాయి. అక్కడ తవ్వించారు. కాల్వ అడుగున మంచినీటి గొట్టం పగిలి ఉంది. అప్పుడు ఫిట్టరు అడిగాడు, "అమ్మా, ఈ వరసలో కుళాయికి మోటారు బిగించుకున్నవాళ్ళు ఎంతమంది?" అని. లెక్కపెడితే పదకొండు. అందులో ఒకటి మాదే!

నీళ్ళు వదలని వేళల్లో గొట్టంలో ఒత్తిడి ఉండదు. మోటారు వేస్తే గొట్టాన్ని గట్టిగా పీలుస్తుంది. పగులుంటే పక్కనున్న మురుగునూ లోపలికి లాగుతుంది. రెండు బిందెలు ఎక్కువ వస్తాయని ఆశపడి నేను పెట్టించుకున్న మోటారే నా బిడ్డ చేత మురుగు తాగించిందేమో! ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది. గొట్టం మునిసిపాలిటీ మార్చింది. మోటార్లు మేం తీసేశాం. రెండూ జరిగాకే వీధిలో జబ్బు తగ్గింది.

ఇది ఒక వీధి కథ. ఇక ఒక మహానగరం కథ వినండి. గుజరాత్‌లోని సూరత్‌లో మన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు చెలరేగితే లక్షలాది జనం ఊరు విడిచి పారిపోయారు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు మంత్రమేమీ వేయలేదు. నగరాన్ని జోన్లుగా చేసి, ఒక్కో జోనుకు ఒక అధికారిని బాధ్యులుగా నిలబెట్టారు. అధికారులు గదుల్లో కూర్చోకుండా రోజూ వీధుల్లోకి వచ్చి చూడాలన్నారు. రాత్రిళ్ళు కూడా రోడ్లు ఊడిపించారు. చెత్త పారేసినవారికి జరిమానా వేశారు. 1996 నాటికి సూరత్, చండీగఢ్ తరువాత దేశంలో రెండో శుభ్రమైన నగరమనిపించుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం అందుకుంది. ఊరు అదే. మారింది పని చేసే తీరు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మంచినీరు, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం వంటి పనులను పురపాలక సంఘాలకు అప్పగించడానికి దారి వేసింది. సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలని కూడా చెప్పింది. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనకంటే ఈ పనుల సంగతి ఎవరికి బాగా తెలుసు?

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా! నీళ్ళ మీద అనుమానం వస్తే, కళపెళ కాగాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగండి. కుళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీ వీధిలో ఆ పరీక్ష చేసి చూపమని అడగండి. జబ్బులు వస్తే తేదీలు, ఇంటి నంబర్లు రాసి ఇవ్వండి. అన్నిటికంటే ముందు, మన కుళాయికి మోటారు ఉంటే తీసేద్దాం. అడిగే హక్కుతో పాటు మన వంతు పని కూడా చేద్దాం.

రేపు వాకిలి ఊడ్చేటప్పుడు చీపురు గడప దగ్గరే ఆగినా ఫరవాలేదు. మన చూపు మాత్రం కాల్వ దాకా, కుళాయి దాకా వెళ్ళాలి.