యజమానుల ఉమ్మడి నిధి – పరిహారానికి పూచీ ఎవరిది?



పనిలో దెబ్బతిన్న కార్మికునికి పరిహారం చెల్లించేందుకు బీమా కంపెనీని ఆశ్రయించక, ఒకే పరిశ్రమకు చెందిన యజమానులు తామే చందాలు వేసుకొని ఉమ్మడి నిధి నడుపుకొనే పద్ధతి ఒకటి కలదు. అది మంచిదా, చెడ్డదా అని మమ్ములను అడుగుతున్నారు. నిధిలో సొమ్మెంత, లెక్క చూచేదెవరు అని మేము ఎదురు ప్రశ్న వేస్తున్నాము.

జర్మనీలో 1884 నాటి ప్రమాద బీమా చట్టం ఇట్టి సంఘాలనే నెలకొల్పింది. సభ్యత్వం నిర్బంధం. భద్రతా నియమాలు విధించి, పని స్థలాలను తనిఖీ చేసే అధికారం సంఘానికి ఉన్నది. నేడు వాటి పాలక మండళ్లలో కార్మిక ప్రతినిధులు యజమానులతో సమసంఖ్యలో కూర్చుంటారు.

న్యూయార్కు రాష్ట్రంలో ఇందుకు భిన్నంగా జరిగింది. చందా తక్కువని చూపి చిన్న యజమానులను చేర్చుకొన్న పలు ట్రస్టులు, ముందుముందు చెల్లించవలసిన దానికి తగిన నిల్వ ఉంచలేదు. వెన్నెముక విరిగిన వానికి పరిహారం ఒక్క ఏడాదితో తీరదు; ఏళ్ల తరబడి సాగుతుంది. చందా మాత్రం ఆ ఏటి పోటీని చూచి తగ్గించారు! 2008 ప్రాంతాన ట్రస్టులు వరుసగా కూలాయి. సభ్యులందరిదీ ఉమ్మడి బాధ్యత గనుక, తన కార్మికునికి గీత కూడా పడని యజమానిపైనా పొరుగువాని అప్పు పడింది. 2011లో చట్టం మార్చి ఆ పద్ధతిని చాలావరకు మూసివేశారు.

మన రైల్వే, తపాలా శాశ్వతోద్యోగి పరిహారానికి పూచీ ప్రభుత్వ ఖజానాయే. పట్టాలపై, మెయిల్ మోటారులో కాంట్రాక్టరు కింద పనిచేసే సోదరునికి? అసలు యజమాని కూడా బాధ్యుడేనని 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షను చెప్పింది. రేపు కాంట్రాక్టర్లు ఉమ్మడి నిధి పెట్టుకొన్నా ఆ బాధ్యత తొలగరాదు; నిధి లెక్కలు ఏటా యూనియన్ ప్రతినిధికి చూపాలి. ఈ రెండు కోర్కెలనూ తీర్మానంలో చేర్చవలసిందిగా ప్రతిపాదిస్తున్నాము.