గడపకు వచ్చు వైద్యము

(కాజీపల్లియందు మన సంఘ వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. ఆరోగ్యమన్నది మహాసముద్రము. దానిలో నొక్క పాయను మాత్రమే నేను గ్రహించితిని. అర్ధరాత్రివేళ మన యింట నొకనికి ఆయాసము వచ్చినపుడు, ఆసుపత్రి చేరుటకు ముందు మన గడప త్రొక్కవలసినవా రెవరు? వారికేమి తెలిసియుండవలెను? అట్టివారిని మనము సంపాదించుకొనుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకును నాకు తోచిన సమాధానములను మీ యెదుట నుంచెదను.

మన మున్న చోటు సామాన్యమైనది కాదు. 1970వ దశకమున పటాన్‌చెరువునందు పారిశ్రామికవాడ వెలసెను. పిదప బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము, పాశమైలారము ఆ బాటనే పట్టినవి. ఇక్కడ తయారగు ఔషధములు దేశదేశములకు పోవుచున్నవి. అయినను ఏ గ్రామపు గోడలప్రక్క ఆ మందులు తయారగుచున్నవో, ఆ గ్రామమున రాత్రి పదిగంటలు దాటిన పిదప రోగిని పరీక్షించి, యిది ఇంట తగ్గునది, యిది ఆసుపత్రికి పోవలసినది అని వేరుపరచి చెప్పగలవారు అరుదు.

అట్టి వేళ మన యింటికి వచ్చువాడెవడు? ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు. ఆయనను నిందించుటకు నేను నిలువలేదు. పిలిచినపుడు వచ్చును, డబ్బు రేపిమ్మనినను ఒప్పుకొనును, మన తండ్రిని, తాతను ఎరిగినవాడు. ఆయన రాకయందు దోషము లేదు, దోషము శిక్షణలేమియందున్నది. జ్వరమనగనే ఇంజెక్షను, నీరసమనగనే సెలైను, దగ్గనగనే యాంటీబయాటిక్ అనునది పరీక్ష లేని చికిత్స. దానివలన నొకప్పుడు నష్టము కనబడదు. మరియొకప్పుడు ప్రాణమే పోవును.

మన ప్రాంతమునకు తగిన యుదాహరణ మొకటి చెప్పెదను. నత్రజని ఆక్సైడులు, ఫాస్జీను వంటి కొన్ని వాయువులను పీల్చినవాడు తొలిగంటలయందు కొంచెము దగ్గుటయే గాని బాగుగనే కనబడును. షిఫ్టు ముగించుకొని యింటికి వచ్చును, అన్నము తినును, పరుండును. కొన్ని గంటల పిదప, ఒక్కొక్కప్పుడు మరునాటికిని, ఊపిరితిత్తులలో నీరు చేరి ఊపిరాడదు. పగటి సంగతి నడుగక ఆస్తమా యనుకొని ఇంజెక్షను చేసి, నీరసమని సెలైను ఎక్కించినయెడల, నిండుచున్న కుండలో మరల నీరు పోసినట్లే యగును. శిక్షితుడైనవాడు మొదట నడుగు ప్రశ్న యిది: "నాయనా, నేడు పనిలో ఏ వాసన పీల్చితివి?" రెండవ పని వ్రేలికి ఆక్సీమీటరు తొడిగి ప్రాణవాయువును కొలుచుట. మూడవ పని 108కి ఫోను చేయుట. ఈ మూడింటికి అయిదు నిమిషములు చాలును. కాని ఆ యైదు నిమిషముల వెనుక సంవత్సరముల చదువుండవలెను.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున నొక కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో 40 మందికి పైగా మరణించిరి. అట్టి మహాప్రమాదము నాడు రాష్ట్రమంతయు పరుగెత్తి వచ్చును. ఒక్కడు, ఒక అద్దెగదిలో, భాష తెలియని యూరిలో, రాత్రివేళ దగ్గుచు కూర్చున్ననాడు ఎవ్వరును రారు. ఒడిశానుండియు బీహారునుండియు వచ్చిన కూలీల గతి యిదియే. నేను చెప్పు గృహవైద్యము ముఖ్యముగ అట్టివానికొరకే.

ఇతరదేశములవా రీ లోటునెట్లు తీర్చుకొనిరో చూతము. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమునందు లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను డాక్టరును కలసి, నర్సులకు రోగపరీక్షయందును చికిత్సయందును ఉన్నతశిక్షణ నిచ్చు పద్ధతిని ఆరంభించిరి. వారినే నర్సు ప్రాక్టీషనర్లందురు. ఇంగ్లండునందు నర్సులు, అంబులెన్సు పారామెడిక్కులు, ఫిజియోథెరపిస్టులు, ఔషధశాస్త్రజ్ఞులు మాస్టర్సు స్థాయి చదువు చదివి అడ్వాన్స్‌డ్ ప్రాక్టీషనర్లగుచున్నారు. దీనికి 2017లో అచట దేశవ్యాప్తమైన నియమావళి యేర్పడినది. కుటుంబవైద్యుని వైద్యశాలకు రాలేని వృద్ధుని యింటికి తరచుగా వీరే పోవుదురు.

వారు చేయు పనియందు రహస్యమేమియు లేదు. శ్వాస నిమిషమునకెన్ని, రక్తమున ప్రాణవాయువెంత, నాడి యెంత, రక్తపుపోటెంత, జ్వరమెంత, తెలివి సరిగానున్నదా లేదా యని యారు లక్షణములను కొలిచి యంకెలు వేయుదురు. లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజిషియన్స్ వారు 2012లో ఈ లెక్కను దేశమంతటికి ఒక్కటిగ చేసిరి. అంకెల మొత్తము ఏడైనను, అంతకు మించినను అత్యవసరము. తుదకు వారు చేయవలసిన నిర్ణయము మూడు విధములు: ఇచటనే చికిత్స చేయుట, రేపు మరల వచ్చి చూచుట, ఇప్పుడే ఆసుపత్రికి పంపుట. గృహవైద్యుని గొప్పతనము ఇంజెక్షనునందు లేదు, ఈ మూడింటిలో సరియైనదానిని ఎన్నుకొనుటయందే యున్నది. పక్షవాతము వచ్చినవానికి గడ్డకరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఆ నాలుగున్నర గంటలను ఇంటివద్ద మసాజులతో గడపువాడు రోగికి చుట్టమైనను శత్రువే.

మనదేశమున నీ యాలోచన లేకపోలేదు. గ్రామముననే ప్రాథమిక వైద్యము దొరకవలెననియు, ఆరోగ్యనర్సు ఇండ్లకు పోవలెననియు 1946లో భోర్ సంఘమువారు తమ నివేదికయందు వ్రాసిరి. 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 సేవ ఆరంభమయ్యెను. మన రాష్ట్రమున ఉపకేంద్రములు పల్లెదవాఖానలైనవి. వానియందు మధ్యశ్రేణి వైద్యసేవకులు నియమింపబడిరి. 2019 నాటి జాతీయ వైద్యసంఘ చట్టము 32వ సెక్షనునందు, ఆధునిక వైద్యమునకు సంబంధించిన యితర వృత్తులవారిలో అర్హులకు సామాజిక ఆరోగ్యసేవకులుగ పరిమితమైన యనుమతి నిచ్చుటకు వీలు కల్పింపబడినది. ఇవన్నియు మేలే. అయినను 108 రోగిని మోసికొని పోవును గాని వాని మంచమువద్ద కూర్చుండదు, పల్లెదవాఖాన పగటిదీపము. ఈ రెంటి నడుమనున్న చీకటియే మన సమస్య.

అత్యవసరము గాని గృహవైద్యమును గలదు. క్యాన్సరు ముదిరి నొప్పితో మూల్గువారికి, పక్షవాతమున మంచమెక్కినవారికి ఆసుపత్రి మెట్లు హిమాలయములు. చేవెళ్లయందు హైదరాబాదు ఎమ్.ఎన్.జె. క్యాన్సరు సంస్థవారి సహాయముతో ఉపశమన చికిత్స యేర్పడి, నర్సులు బండిలో ఇండ్లకు పోయి నొప్పి తగ్గించు మందులు, పుండ్లకు కట్లు, ఇంటివారికి ధైర్యము నిచ్చుచున్నారు. ఆ పద్ధతి యితర జిల్లాలకును వ్యాపించినది.

ఇంటికి పోయినవానికి రోగమే గాక రోగమూలమును కనబడును. పటాన్‌చెరువున వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాణి కిషన్‌రావుగారు తనకడకు వచ్చు రోగుల బాధలను వారు త్రాగు నీటితో ముడివెట్టి చూచిరి. కాలుష్యమునకు ఎదురుగ ప్రజలను నడిపించిరి. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు చేరెను. మన కాజీపల్లి చెరువును స్వీడను శాస్త్రజ్ఞులు పరిశోధించి, మందులకు లొంగని సూక్ష్మజీవుల లక్షణములు అందు మెండుగనున్నవని 2014లో ప్రకటించిరి. చెరువే యిట్లుండగా, ప్రతి జలుబునకు యాంటీబయాటిక్ మ్రింగించు అలవాటు అగ్నికి ఆజ్యము గాదా? కావున మన గడపకు వచ్చువారికి మందిచ్చు చేయి యెంత యవసరమో, మందీయనని చెప్పు ధైర్యమును అంతయవసరము.

కొంద రొక యాక్షేపణ చేయుదురు: "పట్టణమునకు పూర్తి డాక్టరు, పల్లెకు అరడాక్టరా?" అని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఉన్నతశిక్షణ పొందిన నర్సు డాక్టరునకు మారుగ నిలుచునది కాదు. డాక్టరుతో ముడివడి పనిచేయవలసినది. ఏ మందులు తానీయవచ్చునో వ్రాతమూలకముగ నుండవలెను. ప్రతి గృహసందర్శనమును చీటిలో నమోదు కావలెను. సందేహము కలిగిన నడిరాత్రియైనను డాక్టరునకు ఫోను చేయు హక్కుండవలెను. ఈ కట్టుబాట్లు లేనియెడల మనము మరియొక ఆర్.ఎం.పి.ని తయారుచేసినవారమే యగుదుము.

ఇక మన సంఘము చేయవలసిన పని. మన పిల్లలను డాక్టర్లను, ఇంజనీర్లను చేయుటకు మనకెంతో యుత్సాహము. నర్సు చదువనగనే ముఖము చిట్లింతుము. రాత్రిడ్యూటీ యనియు, పరులకు పుండ్లు కడుగుటయనియు, పెండ్లి కాదనియు అందుము. మన తల్లికి పుండు కడిగిన చేయి మనకు పూజ్యము, ఆ చేయి మన కోడలిది కారాదు! ఈ రెండు నాలుకల నీతి పోనంతవరకు మన గడపకు నర్సు రాదు.

కావున పోషకమహాశయులకు మూడు మనవులు. మొదటిది, ఏటేట మన పేద బాలికలను, ఇష్టమున్న బాలురను నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగునకు పంపి ఖర్చు భరించుట; చదువు ముగిసి అనుభవము వచ్చిన పిదప ఉన్నతశిక్షణకు తోడ్పడుట. రెండవది, వారు మన ప్రాంతమున కొంతకాలము పనిచేయునట్లు సమీపమందలి డాక్టర్లతో ఒడంబడిక చేసికొని, బి.పి. యంత్రము, ఆక్సీమీటరు, చక్కెర చూచు మిషను, థర్మామీటరు గల పెట్టె నొకదానిని సమకూర్చుట. మూడవది, ఊరి ఆర్.ఎం.పి.లను పిలిపించి, ఎవరిని చూడగనే ఆసుపత్రికి పంపవలెనో నేర్పించుట.

ఒక్క మాట మరువకుడు. ఈ పెట్టెకు కులము లేదు. సంఘధనముతో చదివిన నర్సు మన వీధి దాటి, ఏ కులమువారి గుడిసెకైనను, ఏ రాష్ట్రపు కూలి గదికైనను పోవలెను. విషవాయువు కులమడిగి ఊపిరితిత్తులలో చొరబడదు.

సంఘభవనమునకు మరియొక అంతస్తు కట్టిన పాలరాతిమీద దాతపేరు నిలుచును. ఒక నర్సును చదివించిన ఆ పేరు రాతిమీద నుండదు. నడిరాత్రి ఊపిరి తిరిగి వచ్చినవాని యింటిలో నుండును. ఈ రెంటిలో నేది శాశ్వతమో పెద్దలే నిర్ణయించి, ఈ మహాసభయందే తీర్మానము గావింతురు గాక యని ప్రార్థించుచున్నాను.