డిసెంబర్ 18: నా డైరీలో లేని పేర్లు

(2025 డిసెంబర్ 19, శుక్రవారం, రూవీలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, వారానికి ఒక్కటే వచ్చే సెలవును ఇక్కడికి తెచ్చి పెట్టిన అన్నలకు, తమ్ముళ్లకు, ఇళ్లలో పని చేస్తూ మేడమ్‌ని అడిగి అనుమతి తీసుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నా నమస్కారాలు.

నేను మాట్లాడే మనిషిని కాదు. సివిల్ డిప్లొమా చేసి సైటులో సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. సైటులో నా మాటలన్నీ "లెవెల్ చూడు", "కవర్ బ్లాకులు పెట్టు", "యల్లా, ఖలాస్" అంతే. మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డిసెంబర్ 18 అంతర్జాతీయ వలసదారుల దినం గదా, దాని మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరే అన్నాను. ఆ తేదీన ప్రపంచంలో ఇంకేమేం జరిగాయో చదివాను. తర్వాత నా పాత సైటు డైరీలు తీసి, ఒక్కో ఏడాదిలో డిసెంబర్ 18 పేజీ చూశాను. మొదట ప్రపంచం సంగతి చెప్తాను, ఆ తర్వాత డైరీ సంగతి.

1865 డిసెంబర్ 18. అమెరికా రాజ్యాంగంలో 13వ సవరణ చేరిందని, అంటే బానిసత్వం చట్టరీత్యా రద్దయిందని, ఆ దేశ విదేశాంగ మంత్రి విలియం సీవర్డ్ అధికారికంగా ప్రకటించింది ఆ రోజే. మనకేం సంబంధం అనుకుంటారేమో. బ్రిటిష్ వాళ్లు తమ వలస రాజ్యాల్లో అంతకు ముందే, 1834లో బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటలకు మనుషులు కావాలి గదా. అప్పుడే మన వైపు చూశారు. ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని ఓడ ఎక్కించారు. ఆ ఒప్పందాన్నే గిర్మిట్ అన్నారు. మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లు ఎంతోమంది. మారిషస్‌లోనూ బర్మాలోనూ మనవాళ్లను కోరంగీలు అనేవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద వచ్చిన పేరది.

ఇక్కడ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. నాటాల్‌కు వెళ్లిన ఆ కూలీల ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు కూడా ఉన్నాయి. ఈ రోజు దక్షిణాఫ్రికాలో వాళ్ల మునిమనవళ్లు ఆ జాబితాలు చూసే తమ ఊరు ఏదో వెతుక్కుంటున్నారు.

1961 డిసెంబర్ 18. మన సైన్యం గోవాలో అడుగుపెట్టింది. మర్నాటికి పోర్చుగీసు వాళ్లు లొంగిపోయారు. 451 ఏళ్ల పాలన ముగిసింది. అదే పోర్చుగీసు వాళ్లు మస్కట్‌ను 1507లో పట్టుకుంటే ఒమానీలు 1650లోనే వెళ్లగొట్టారు. పాత మస్కట్ వైపు వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున మీరు చూసే జలాలీ, మిరానీ కోటలు ఆ కాలం నాటివే. ఇంకో సంగతి. మనం రోజుకు వందసార్లు పిలిచే "మేస్త్రి" అనే మాట కూడా పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిందే. వాళ్లు వెళ్లిపోయారు, మేస్త్రి మాత్రం మనతోనే ఉన్నాడు.

1973 డిసెంబర్ 18. ఐక్యరాజ్యసమితి అరబీని తన అధికార భాషల్లో చేర్చింది. అందుకే ఆ రోజు ప్రపంచ అరబీ భాషా దినం కూడా. మనకు అరబీ రాదంటాం. కానీ తారీఖు, హాజరు, బాకీ, వసూలు, హక్కు... ఇవన్నీ అరబీ నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చిన మాటలే. ఒక్కసారి ఆ ఐదు మాటలు వరసగా అనుకుని చూడండి. గల్ఫ్‌లో మన బతుకంతా వాటిలోనే ఉంది. అరబీలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. రెండింటికీ ఒకటే మాట.

1990 డిసెంబర్ 18. మన రోజు. వలస కార్మికులు, వాళ్ల కుటుంబ సభ్యుల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. మొత్తం 93 అధికరణాలు. అది అమల్లోకి రావడానికి 2003 జూలై దాకా పట్టింది. ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ అందులో చేరాయి. మన దేశం చేరలేదు. గల్ఫ్ దేశాలూ చేరలేదు. పంపే దేశం, పిలిచే దేశం రెండూ బయటే ఉన్నాయి, మధ్యలో మనం ఉన్నాం. డిసెంబర్ 18ని వలసదారుల దినంగా ప్రకటించింది మాత్రం 2000లో.

ఇక నా డైరీలు.

2014 డిసెంబర్ 18, గురువారం. నేను ఒమన్ వచ్చి రెండు నెలలు. సొహార్‌లో సైటు. మాది సూళ్లూరుపేట వైపు ఊరు. ఆ ఉదయం మన టైము తొమ్మిదిన్నరకు శ్రీహరికోట నుంచి ఇస్రో కొత్త పెద్ద రాకెట్టును మొదటిసారి పరీక్షగా ఎగరేసింది. మనిషి కూర్చునే గది లాంటి దాన్ని ఖాళీగా పైకి పంపి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దించారు. 2023లో చంద్రయాన్-3ని మోసుకెళ్లింది ఆ రకం రాకెట్టే. ఇక్కడ అప్పుడు టైము ఎనిమిది. మా అమ్మ ఫోన్ చేసి, "మిద్దె మీద నుంచి చూశాం నాయనా, కిటికీలు అదిరినాయి, నువ్వుంటే బాగుండు" అంది. నేను కాంక్రీట్ పంపు పక్కన నిలబడి, "సరే అమ్మా, బిజీగా ఉన్నా" అని పెట్టేశాను. డైరీలో ఆ రోజు పేజీలో ఏముందో తెలుసా? "వాతావరణం బాగుంది. ఫుటింగ్ కాంక్రీట్ 42 క్యూబిక్ మీటర్లు. మేస్త్రీలు 8, హెల్పర్లు 19." అంతే. అమ్మ ఫోన్ చేసిన సంగతి లేదు.

2022 డిసెంబర్ 18, ఆదివారం. ఖతార్‌లో లుసైల్ స్టేడియంలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఖతార్ జాతీయ దినమూ అదే, వలసదారుల దినమూ అదే. దాదాపు 89 వేల మంది పట్టే స్టేడియం. అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3 సమానంగా ఆడి, పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. మా క్యాంపులో మెస్ హాలు నిండిపోయింది. మలయాళీలైతే రెండు పార్టీలుగా చీలిపోయారు.

మా క్యాంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉండేవారు. స్టీల్ ఫిక్సర్. ఇక్కడికి రాకముందు ఆయన లుసైల్ స్టేడియం పనిలోనే ఉన్నాడు. టీవీలో స్టేడియం చూపించగానే కుర్రాళ్లంతా, "కాకా, నువ్వు కట్టింది ఏది, చూపించు" అని పట్టుకున్నారు. ఆయన చాలాసేపు చూసి, "నేను కట్టింది కనవడదురా. భూమిల ఉన్నది" అన్నాడు. పునాది పని చేశాడాయన. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఈ ఏడాది మొదట్లో ఆ పెద్దాయన పని ముగించుకుని ఇంటికి బయల్దేరాడు. లెక్క చూసే రోజు వచ్చింది. ఆయన 2019లో ఒమన్ వచ్చాడు. 2021లో అదే యజమానికి చెందిన ఇంకో కంపెనీ పేరు మీదకు మార్చారు. అదే క్యాంపు, అదే సైటు, అదే హెల్మెట్. పేరొక్కటే మారింది. అప్పుడు అరబీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. లెక్క వచ్చేసరికి 2021 నుంచే కట్టారు. ముందు రెండేళ్ల పైచిలుకు బాకీ ఏమీ లేదని ఆయనే సంతకం పెట్టాడట.

ఆయన నా గదికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కొత్త పాస్‌పోర్టు, పతాకా, రెండు మందుల చీటీలు. పాత పాస్‌పోర్టు క్యాంపు మారేటప్పుడు పోయింది. "ఏ తేదీన చేరినవ్ కాకా?" అంటే, "ఎండలు ముదరక ముందు" అన్నాడు. తర్వాత అన్నాడు, "నువ్వు దినాం రాస్తవ్ గదా తమ్మీ, అండ్ల నా పేరు సూడు."

నేను 2019 డైరీ తీశాను. రాత్రి పదకొండు దాకా ఒక్కో పేజీ తిప్పాను. "స్టీల్ ఫిక్సర్లు 14. స్టీల్ ఫిక్సర్లు 16. స్టీల్ ఫిక్సర్లు 15." ప్రతి రోజూ ఉంది. ఎన్ని టన్నుల స్టీలు, ఎంత కాంక్రీట్, క్రేన్ ఎన్ని గంటలు, అన్నీ ఉన్నాయి. ఆయన పేరు ఒక్క చోటా లేదు. ఆ పద్నాలుగులో ఆయన ఉన్నాడని నాకు తెలుసు. కాగితానికి తెలియదు. ఎదురుగా నా మంచం మీద కూర్చుని, నేను పేజీ తిప్పిన ప్రతిసారీ నా ముఖం చూశాడు.

టికెట్ మర్నాడే. వెళ్లిపోయాడు. తప్పు కంపెనీదే అని చెప్పి నేను కూర్చోవచ్చు. కానీ నెలకొకసారైనా పేర్లు రాసి ఉంటే, కనీసం చూపించడానికి ఒక కాగితం ఉండేది. రాయమని నాకెవరూ చెప్పలేదు, నిజమే. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. నూట అరవై ఏళ్ల కిందట చెరకు తోటకు పోయిన కూలీకి కూడా జాబితాలో పేరు, ఊరు ఉన్నాయి. నా పక్కన పని చేసిన మనిషికి నా డైరీలో లేవు.

తేదీలు ఆకాశం నుంచి ఊడిపడవు. మనుషులు నిర్ణయించి రాస్తేనే ఉంటాయి. ఇన్నాళ్లూ ఒమన్ జాతీయ దినం నవంబర్ 18. ఈ ఏడాది నుంచి నవంబర్ 20. ఇక్కడి రాజవంశం పాలన మొదలైన 1744 నాటి చరిత్రను చూసి, సుల్తాన్ హైతమ్ తేదీ మార్చారు. దేశమే తన తేదీని అంత జాగ్రత్తగా చూసుకుంటుంటే, మనది మనం చూసుకోవద్దా?

అందుకని ఉపన్యాసం పక్కనపెట్టి పని చెప్తాను. మన సంచిక చివరి పేజీ ఖాళీగా ఉంచమని కార్యదర్శిగారిని అడిగాను. ఒప్పుకున్నారు. ఆ పేజీలో ఇవి రాయండి.

ఒకటి, ఒమన్‌లో దిగిన తేదీ, పనిలో చేరిన తేదీ. రెండూ వేరు. పని ముగిశాక వచ్చే గ్రాట్యుటీ మన బేసిక్ జీతం, పని చేసిన ఏళ్లు చూసి కడతారు. చేరిన తేదీ తెలియకపోతే లెక్కే లేదు.

రెండు, కంపెనీ పేరు మారితే ఆ తేదీ. అరబీ కాగితం ఏది పెట్టినా సంతకానికి ముందు ఫోటో తీసుకోండి, చదవగలిగిన వాళ్లకు చూపించండి. "తర్వాత చూద్దాంలే" అనొద్దు.

మూడు, పతాకా, పాస్‌పోర్టు గడువు తేదీలు. 2023లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం మనం రాసి ఒప్పుకుంటే తప్ప యజమాని మన పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. పాత పాస్‌పోర్టు పారేయకండి. దాని మీద ఉన్న ముద్రలే మన సాక్ష్యం.

నాలుగు, బీమా తేదీ. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద వచ్చిన వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. గడువు అయిపోయిందో లేదో మనలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను, నాకు తెలుసు.

ఐదు, ప్రతి నెలా జీతం బ్యాంకులో పడిన తేదీ, ఎంత పడిందో. పడకపోతే అదీ రాయండి.

రాసి, ఫోటో తీసి, ఇంట్లో వాళ్లకు పంపండి. రాయడం రాని వాళ్లుంటే సిగ్గుపడక్కర్లేదు, పక్కవాళ్లు రాస్తారు. తేడా వస్తే అల్ ఖువైర్‌లో మన ఎంబసీ ఓపెన్ హౌస్ ఉంది. అక్కడికి పోయినా మొదట అడిగేది తేదీలే.

తోటి ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు ఒక మాట. రిపోర్టులో కంపెనీ అంకెలే అడుగుతుంది, ఇవ్వండి. జేబులో మాత్రం ఇంకో చిన్న పుస్తకం పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. నిన్నటి పేజీలో స్టీల్ ఫిక్సర్లు 11 మంది, పదకొండు పేర్లూ రాశాను. రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

పెద్దాయనకు మొన్న ఫోన్ చేశాను. పొలం పనిలో ఉన్నాడు. ఇలా మీ సంగతి చెప్పుకోవచ్చా అని అడిగితే, "చెప్పు తమ్మీ, పేరు మాత్రం చెప్పకు, నలుగుట్ల సిగ్గు" అన్నాడు. అందుకే చెప్పలేదు. నా పుస్తకం మొదటి పేజీలో మాత్రం రాసుకున్నాను.

భోజనాలు రెడీ అయ్యాయట. బిర్యానీ ఎక్కడికీ పోదు, ముందు పెన్నులు తీయండి.