తోకచుక్క, చిల్లంగి
(సంఘ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



1910వ సంవత్సరమున హేలీ తోకచుక్క కనబడినప్పుడు లోకములో ఎందరో వణికిరి. దాని విషము తగులకుండ మాత్రలు కొని మ్రింగినవారు పాశ్చాత్య దేశములలోను కలరు. ఆ యేడే మన విజయనగరమున గురజాడ అప్పారావుగారు 'ముత్యాల సరములు' వ్రాసి, ఆ చుక్కను కీడుగా గాక మేలుగా చూపిరి. ఈ చుక్క 1758లో మరల వచ్చునని ఎడ్మండ్ హేలీ 1705లోనే లెక్క కట్టి చెప్పెను, చెప్పినట్లే వచ్చెను. 1986లోను వచ్చి పోయినది. లెక్క తెలిసినదానికి భయమేల?

కారణము తెలియని కీడే మూఢనమ్మకమునకు పుట్టినిల్లు. మసూచికమును 'అమ్మవారు' అనిరి. టీకాలచేత ఆ వ్యాధి లోకములో లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. కాని మన పల్లెలలో 'చిల్లంగి' అను మాట ఇంకను పోలేదు. బిడ్డకు చలిజ్వరము తగ్గకున్న, కారణమును రక్తపరీక్షలో వెదకక, వీధి చివరనున్న ఒంటరి ముసలమ్మలో వెదకుదురు. మలేరియాను మోయునది దోమ గదా!

నా చిన్నతనమున మా వీధిలో అట్టి ముసలమ్మ యుండెను. ఆమె యింట నీళ్లు త్రాగవద్దనిరి, నేను త్రాగలేదు. ఆమె పోయిన నాడు గాని ఆ గడప ఎవరును త్రొక్కలేదు. ఆ తప్పులో నాకును పాలున్నది.

తోకచుక్క భయము మన నిద్ర చెరచును. చిల్లంగి భయము పొరుగువారి ప్రాణము తీయును. కావున జ్వరము వచ్చిన ఆసుపత్రికి పోవుదము. నింద పడిన గడపకు ముందుగా మనమే పోవుదము.