జీతం అదే, ఖర్చయ్యే ఊరు వేరు



ఇంటి నుంచి పని గురించిన చర్చ చాలామటుకు కంపెనీ గోడల లోపలే సాగుతోంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ సంస్థలో జరిపిన ప్రయోగం ప్రసిద్ధం. ఇంటి నుంచి పనిచేసిన కాల్‌సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం మెరుగుపడిందని 2015 నాటి వారి పత్రం తేల్చింది. ఆఫీసు ఖర్చూ కలిసొచ్చింది. అయితే ఉద్యోగి గడప దాటనప్పుడు రాబడి పోయేది ఎవరికి?

మాదాపూర్‌నే తీసుకుందాం. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక అక్కడ పెరిగింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. అయ్యప్ప సొసైటీ సందుల్లో హాస్టళ్లు, టిఫిన్ బళ్లు, టీ కొట్లు, షిఫ్టు వేళలకు తిరిగే క్యాబ్‌లు దాన్ని ఆనుకునే బతికాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఎంతోమంది ఉద్యోగులు ల్యాప్‌టాప్ సర్దుకుని సొంతూళ్లకు వెళ్లిపోయారు. వాళ్ల జీతం ఖాతాలో పడుతూనే ఉంది. మంచాలు ఖాళీ అయిన హాస్టల్ నిర్వాహకుడి నెత్తిన మాత్రం భవనం అద్దె మిగిలింది. అప్పుచేసి కారు కొన్న డ్రైవరుకు ట్రిప్పులు పోయాయి. రిజర్వు బ్యాంకు ఆరు నెలల మారటోరియం ఇప్పించినా వడ్డీ ఆగలేదు.

లాక్‌డౌన్ తాత్కాలికం. అలవాటు స్థిరపడితే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో చూపించింది. కోరుకున్నవారు ఎప్పటికీ ఇంటి నుంచే పనిచేయవచ్చని అక్కడి ట్విట్టర్ 2020 మేలో ప్రకటించింది. 2023 నాటికి ఆ నగరంలో ఆఫీసు స్థలంలో 30 శాతం పైచిలుకు ఖాళీ. మన తెలుగువాళ్లు ఎందరో ఉండే ఫ్రీమాంట్‌ను నగరంతో కలిపే బార్ట్ రైళ్లకు కొవిడ్‌కు ముందు నిర్వహణ ఖర్చులో సగానికి మించి టికెట్లు, పార్కింగ్ రుసుముల మీదే వచ్చేది. ప్రయాణికులు తగ్గాక ప్రభుత్వ సాయం మీద ఆధారపడక తప్పలేదు. ఆ రైలు మీద ఆధారపడినవారిలో ఇంటి నుంచి చేసే వీలులేని పనివాళ్లూ ఉన్నారు.

మరోవైపు లాభపడ్డ ఊళ్లూ ఉన్నాయి. భీమవరంలో మేడమీద గది, ఇన్వర్టరు, ఫైబర్ కనెక్షన్ ఉంటే హైదరాబాద్ జీతం అక్కడే ఖర్చవుతుంది: కిరాణా కొట్టుకు, ఏసీ మెకానిక్కుకు, పాలవాడికి. ఆన్‌లైన్ ఆర్డర్ల మీద పోయే వాటా మాత్రం ఊళ్లో నిలవదు.

ప్రభుత్వ నిబంధనలు ఈ కదలికను ఊహించి రాసినవి కావు. ప్రత్యేక ఆర్థిక మండలి రాయితీలు ఒక ఆవరణకు ముడిపడినవి. అందుకే 2022 జులైలో ఇంటి నుంచి పనికి వేరే నియమం చేర్చాల్సి వచ్చింది. కంపెనీల మాటా మారుతుంది. 2025 నాటికి నాలుగో వంతు సిబ్బంది ఆఫీసులో ఉంటే చాలన్న టీసీఎస్, 2023లో అందరినీ వెనక్కి పిలిచింది.

ఈ రెండు రోజుల ఆర్థికశాస్త్ర సదస్సులో పత్రాలు సమర్పించేవారికి అధ్యక్ష పీఠం మనవి ఇది. ఉత్పాదకత అంకెలతోపాటు జీతం ఏ ఊళ్లో ఖర్చవుతోందో, ఆఫీసు వీధిలో ఎవరి ఆదాయం తగ్గిందో వార్డు స్థాయిలో సేకరించి చూపాలి. ఆ లెక్కలు చేతికొస్తే బస్సు రూట్ల మీద, చిన్న వ్యాపారుల రుణాల మీద ప్రభుత్వానికి నిర్దిష్టమైన సిఫారసులు పంపవచ్చు.