మూట మార్చిన చాలునా?

మల్కాపురమున నివసించు మాకు సరకు చేతులు మారుట నిత్యము కనిపించు దృశ్యమే. 1933లో ప్రారంభమైన విశాఖ రేవునకు ఓడలలో వచ్చిన సరకు, అచ్చట దిగి రైలు పెట్టెలకో లారీలకో మారును. సరకు ఒక్కటే, దారిని బట్టి కట్టుబడి మారును. కంప్యూటరు లోకమునను ఇట్టి పని యొకటి కలదు.

లినక్సు వ్యవస్థలు అనేకములు. 1993లో వెలసిన డెబియన్ కుటుంబము సాఫ్ట్‌వేరును ‘డెబ్’ మూటలుగా కట్టును. ఫెడోరా కుటుంబము ‘ఆర్‌పీఎం’ మూటలుగా కట్టును. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ వెలువరించిన తెలుగు వ్యవస్థ డెబియన్‌పై నిర్మింపబడినదే. మా యింటి కంప్యూటరును ఆ కుటుంబమునకు చెందినదే.

పిల్లల చదువుకై మేమొక ప్రింటరు కొంటిమి. దానిని నడుపు సాఫ్ట్‌వేరు ఆర్‌పీఎం మూటగా మాత్రమే లభించినది. ‘ఏలియన్’ అను పనిముట్టుతో దానిని డెబ్ మూటగా మార్చితిమి. మార్పు నిమిషములో ముగిసినది. ప్రింటరు మాత్రము కదలలేదు. మరునాడే పరీక్ష దరఖాస్తు అచ్చు కావలసియుండెను.

కారణమేమి? మూటలో మూడు సంగతులుండును: సరకు, తోడు కావలసిన ఇతర మూటల పట్టిక, స్థాపన సమయమున నడువవలసిన ఆజ్ఞలు. ఏలియన్ సరకును భద్రముగా చేర్చును. ఆజ్ఞలను, ప్రత్యేకముగా కోరిననే తప్ప, తీసికొనిరాదు. ఇక తోడు మూటల పేర్లు ఉభయ కుటుంబములందు ఒక్కటి కావు. ‘లోహిత్ తెలుగు’ అను ఫాంటునే చూడుడు. ఫెడోరాలో దాని మూట పేరు ‘లోహిత్-తెలుగు-ఫాంట్స్’, డెబియన్‌లో ‘ఫాంట్స్-లోహిత్-తెలు’. అక్షరములు అవియే, కాని ఒక పేరుతో పిలిచిన రెండవ యింట పలుకువారుండరు.

మేము మొదటి మూటను విప్పి చూచితిమి. క్రొత్త ప్రింటరు సంగతిని ముద్రణసేవకు తెలుపు ఆజ్ఞ అందే నిలిచిపోయియున్నది. దానిని చదివి, హాని లేదని నిశ్చయించుకొని, స్వయముగా నడిపితిమి. ఆ రాత్రియే దరఖాస్తు అచ్చయినది.

కావున మొదట తమ వ్యవస్థ భాండారముననే వెదకుట మేలు. ఫాంటుల వంటి సరకును మార్చుకొనుటలో భయము స్వల్పము. కాని వ్యవస్థకు పునాదులైన ‘ఇనిట్’, ‘లిబ్‌సి’ వంటివానిని ఇట్లు మార్చి స్థాపింపరాదని ఏలియన్ కర్తలే హెచ్చరించిరి. మరియు చేతితో మార్చిన మూటకు భాండారమునుండి భద్రతా సవరణలు వాటంతట అవి రావు. ఆ కాపలా మనదే.

రేవున సరకు మార్చువారు మూటను ఎత్తుటతో సరిపుచ్చక, దానికి కట్టిన చీటీని గూడ చదువుదురు. మనమును అట్లే చేయుదము.